పరీక్ష ఒకటి, పరీక్ష రెండు

"మామ్మా, నీకు రెండు కళ్ళూ ఆపరేషన్ అయిపోయాయి. మళ్ళీ ఎందుకొచ్చావు?" అన్నాడు కంటాసుపత్రి కిటికీ వెనక కూచున్న జగ్గారావు.

లెంక చిన పైడితల్లి కుడికన్నుతో అతన్ని శుభ్రంగా చూసింది. ఎడమకన్నుతో చూస్తే మాత్రం నానబోసిన అటుకుల ముద్దలా ఉన్నాడు.

"కుడిది మాగమాసంలో సేసినారు బాబూ. ఎడందానికి ఆర్నెల్లు పోయాక రమ్మన్నారు. వొచ్చినాను."

"గాదెలో రెండూ అయినట్టు చూపిస్తోంది."

"గాదేటి? కన్ను నా మొహాన ఉంది గదా. ఇలాగ సూడు."

జగ్గారావు చూడలేదు. అలాగని చెడ్డవాడు కాదు. ఆ కుర్చీలో కూచున్నవాడు తెర వంక చూడాలే గానీ మనిషి వంక చూడకూడదని శిక్షణలో చెప్పారు. మూడు రోజుల శిక్షణ. మధ్యాహ్నం భోజనంలో కోడిగుడ్డు కూడా పెట్టారు. అంత పెట్టి నేర్పిన మాటని అతను ఎలా మరిచిపోతాడు?

గాదె అంటే ఇక్కడ వడ్లు పోసేది కాదు. ఊళ్ళవారీగా మనుషుల పేర్లూ వివరాలూ దాచిపెట్టే డేటాబేస్. దానికి యజమాని లేడు. దేశదేశాల్లో తెలివీ తీరికా ఉన్నవాళ్ళంతా కలిసి ఉత్తినే రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా విప్పి చూసుకోండి, ఎవరైనా బాగుచేయండి అని బయట పెట్టారు. దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. వీధి అరుగు మీద ఉంచిన రుబ్బురోలు లాంటిది. ఎవరైనా రుబ్బుకోవచ్చు. కడగవలసింది ఎవరన్నది మాత్రం తేలదు.

ఆ యేడు గాదె ఏడో కూర్పు వచ్చింది. "ఒక మనిషి, ఒక్కసారే" అన్నది దాని గొప్ప. ఎక్కడైనా ఒకే మనిషి పేరు రెండుసార్లు ఎక్కితే అది తనంతట తనే పట్టుకుని రెంటినీ కలిపేస్తుంది. పేరు, ఇంటిపేరు, ఊరు, ఇంటి నంబరు, పుట్టినరోజు, ఈ అయిదూ ఒకటైతే మనిషీ ఒకటే. శాస్త్రం చాలా బాగుంది. కాకపోతే రాసినవాళ్ళు తోటికోడళ్ళని ఎరగరు.

లెంకవారి అన్నదమ్ములిద్దరికీ వచ్చిన పెళ్ళాల పేర్లు రెండూ పైడితల్లే. అమ్మవారికి మొక్కుకుని కన్న ఆడపిల్లకి ఆ చుట్టుపక్కల ఇంకో పేరు తోచదు. పెద్దావిడ పెద పైడితల్లి, చిన్నావిడ చిన పైడితల్లి అన్నది ఊళ్ళో పిలుపే, రాతలో ఇద్దరూ ఉత్త పైడితల్లే. జనాభా రాసుకునే మేస్టారొచ్చి ఎప్పుడు పుట్టారని అడిగితే, పెద్దావిడ "ఊరు కొట్టుకుపోయిన గాలివాన యేడు" అంది. చిన్నావిడ "ఆ గాలివాన నాకు గురుతు నేదు" అంది. మేస్టారు ఎండలో చాలా ఇళ్ళు తిరిగి ఉన్నాడు. ఇద్దరికీ ఒకే యేడు వేసి, జనవరి ఒకటి అని రాసి, మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆ ఊళ్ళో డెబ్భైమంది ముసలివాళ్ళు జనవరి ఒకటినే పుట్టారు. ఆ పూట మంత్రసాని ఏమైపోయిందో పాపం.

ఇంటి మధ్య గోడ లేచి పదకొండేళ్ళయింది గానీ, గోడకి అటూ ఇటూ ఇంటి నంబరు ఒక్కటే. మొగుళ్ళ పేర్లు వేరు కదా అంటారేమో. ఆ గడి ఉండేదట. ఆడమనిషిని మొగుడి పేరుతో గుర్తించడం వెనకబాటుతనమని గాదె బాగోగులు చూసే సంఘంవాళ్ళు తీర్మానించి తీసేశారు. కార్డు నంబరు గడి అంతకు ముందే పోయింది. అది గోప్యతకి భంగమట.

చిన పైడితల్లికి కుడికన్ను అయింది. పెద పైడితల్లికి ఎడమకన్ను అయింది. గాదె రెంటినీ కలిపింది. ఒక పైడితల్లి, రెండు కళ్ళు, పని పూర్తి.

చిన పైడితల్లికి మాత్రం పని పూర్తి కాలేదు. ఇరవై రెండేళ్ళుగా జీడి ఫ్యాక్టరీలో బల్ల ముందు కూచుని గుండు పప్పు ఒక గంపలో, బద్ద ఇంకో గంపలో ఏరే మనిషి ఆవిడ. ఈమధ్య బద్దలన్నీ గుండ్లలోకి పోతున్నాయి. "ఉగాది దాకా చూస్తాను మామ్మా. ఆ తరవాత ఈ బల్ల కాడ కళ్ళున్నదాన్ని కూచోబెడతాను" అని మేస్త్రీ మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పాడు కాబట్టి అన్నంత పనీ చేస్తాడని ఆవిడకి తెలుసు.

"మరి ఈ తప్పు ఎవలు దిద్దుతారు బాబూ?"

"ఎవరైనా దిద్దొచ్చు మామ్మా. అదే దాని గొప్ప."

"అయితే నువ్వు దిద్దు."

"నేను దిద్దకూడదు. సంఘం ఒప్పుకోవాలి. విశాఖపట్నంలో రెండో శనివారం కూడతారు, వెళ్ళు" అన్నాడు జగ్గారావు తెరతో.

*

సంఘం కూడేది ఒక కోచింగ్ సెంటరు మేడమీద. గుమ్మంలో చెప్పుల గుట్ట. లోపల నలభైమంది, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక కంప్యూటరు, దాని మూత నిండా పెళ్ళివారి అద్దానికి అతికించిన బొట్టుబిళ్ళల్లా రంగురంగుల స్టిక్కర్లు. చిన పైడితల్లి గడప దాటగానే హిమబిందు అనే అమ్మాయి పరుగున ఎదురొచ్చింది. వచ్చినవాళ్ళని ఆదరించడం ఆ అమ్మాయి బాధ్యత.

"మొదటిసారా అమ్మమ్మగారూ?"

"మొదటిసారే అమ్మా."

"ఫ్రెండ్స్, మనకో కొత్త సభ్యురాలు!"

నలభైమందీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ఎవరో ఆవిడ చీర మీంచి నల్ల టీషర్టు తొడిగేశారు. దాని మీద 'గాదె అందరిదీ' అని రాసి ఉంది.

"నాకు సొక్కా వొద్దు తల్లీ. కన్ను కావాల" అని, ఉన్న సంగతంతా చెప్పి, "ఇదీ నా పిరియాదు" అంది.

"ఫిర్యాదు అనకండి. ఇక్కడ ఫిర్యాదులుండవు, అంశాలుంటాయి" అని హిమబిందు రాసుకుంది. నాలుగువేల నూట పదిహేడో అంశం.

ముందు వరసలో కూచున్న సుధన్వ అనే ఆయన గొంతు సవరించుకున్నాడు. గాదెకి ప్రధాన సంరక్షకుడు. గడ్డం ఒత్తుగా ఉంటుంది. ఆయన నోరు విప్పితే పుస్తకం తెరిచినట్టే.

"అంశాన్ని లేవనెత్తినందుకు సముదాయం తరఫున కృతజ్ఞతలు. ఇది దోషమా లేక లక్షణమా అన్నది పరిశీలనార్హం. ప్రస్తుతానికి దీనికి 'కొత్తవారికి అనువైనది' అన్న చీటీ తగిలించవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను."

"చీటీ తగిలిస్తే ఏటవుద్ది?"

"చాలా తేలికైన పని అని అర్థం అమ్మమ్మగారూ. గంట పట్టదు" అంది హిమబిందు.

"అయితే సేసీండి. నాను మెట్ల మీద కూకుంటాను. సాయంత్రం బండికి ఎల్లిపోతాను."

"మేం చేయకూడదండీ! తేలికవన్నీ పాతవాళ్ళే చేసేస్తే కొత్తవాళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారు? ఈ చీటీ ఉన్నవి కొత్తవాళ్ళకే వదిలేయాలని నియమం. మరి ఇప్పుడు మన గదిలో కొత్తవాళ్ళు…" అంటూ ఆ అమ్మాయి చుట్టూ చూసింది. నలభైమందీ చుట్టూ చూశారు. చూసి చూసి అందరి చూపులూ నల్ల టీషర్టు దగ్గర ఆగాయి.

"మీరొక్కరే!"

మళ్ళీ చప్పట్లు.

చిన పైడితల్లి సాయంత్రం బండికి ఒక టీషర్టూ, నాలుగు స్టిక్కర్లూ, డేటాబేస్ బాగుచేసే బాధ్యతా పట్టుకుని ఊరికి వచ్చింది.

*

పది రోజులకి హిమబిందు ఫోను చేసింది. "అమ్మమ్మగారూ, మీ అంశం ముందుకు కదలాలంటే దోషాన్ని మా కళ్ళెదుట మళ్ళీ జరిపించి చూపించాలండీ. ఇద్దరు పైడితల్లులూ రావాలి."

అక్కడొచ్చింది చిక్కు. పదకొండేళ్ళ కిందట వేరుపడ్డప్పుడు అన్నదమ్ములు ప్రతి వస్తువూ సమానంగా పంచుకున్నారు. అత్తగారి ఆవకాయ జాడీ ఒక్కటే ఉంది. దాన్నీ సమానంగానే పంచారు. జాడీ చిన్నావిడకి, మూత పెద్దావిడకి. ఆ రోజు మాటా మాటా పెరిగింది, మాటలు ఆగిపోయాయి. తరవాత అన్నదమ్ములిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయారు గానీ, మాటలు మాత్రం తిరిగి రాలేదు. తప్పనిసరైతే గోడ మీద తిరిగే పెద్దావిడ కోడిపెట్టతో చెప్పుకునేవారు.

చిన పైడితల్లి గోడ దగ్గరికి వెళ్ళింది. "ఒలే కోడీ, మీ అమ్మకి సెప్పు. ఆవిడ కుడికన్ను కూడా గాదెలో అయిపోయిందంట. ఇద్దరం ఎల్తే గానీ ఆళ్ళు నమ్మరంట."

అవతల చాలాసేపు చేట చప్పుడే వినిపించింది.

"ఒలే కోడీ, నాకు కుడికన్ను మసకేనని ఆవిడికి సెప్పు. మసకలో కూడా ఆవిడ మొహం కనబడతానే ఉంది, అదే నా బాదని సెప్పు. ఎన్ని గంటల బండో అడుగు."

బండిలో ఇద్దరూ ఎదురెదురుగా కూచుని, మధ్యనున్న వేరుశనక్కాయలామెతో విశాఖపట్నం దాకా మాట్లాడారు. పాపం ఆవిడ సింహాచలం స్టేషనులో దిగవలసింది, ఎవరికి ఏం జవాబు చెప్పాలో తెలియక దిగడం మరిచిపోయింది.

మేడమీద ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. సుధన్వ వాళ్ళిద్దర్నీ చూశాడు. తెర చూశాడు. మళ్ళీ వాళ్ళని చూశాడు.

"మీ అనుభవాన్ని సముదాయం సంపూర్ణంగా గౌరవిస్తుంది. అయితే రికార్డు ప్రకారం మీరు ఒకరు."

"ఒకర్తినా?" పెద్దావిడ చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. "దీంతోనా? దీంతో ఒక పొయ్యి మీద కూడొండలేక గోడ కట్టుకున్నాను నాయనా!"

"ఆ గోడ గాదెలో నమోదు కాలేదు" అన్నాడు సుధన్వ విచారంగా.

సరే, మార్పుకి అందరి సమ్మతీ అడిగారు. గదిలో నలభైమందీ చేతులెత్తారు. తెర మీద మాత్రం ఎక్కడో మంచు దేశంలో ఉన్న పెద్దమనిషొకాయన ఆక్షేపణ తెలిపాడు. ఆయన గాదెని ఆవులకి వాడుతున్నాడు. ఈ కలపడం తీసేస్తే ఆయన కవలదూడలన్నీ విడిపోతాయట. ఒక్క ఆక్షేపణ ఉన్నా ఏకాభిప్రాయం లేనట్టే. ఏకాభిప్రాయం లేకపోతే మార్పు లేదు.

అప్పుడు హిమబిందు ఎంతో ఆదరంగా, "మధ్యేమార్గంగా మీరిద్దరూ కొన్నాళ్ళు ఒక్కరిగా వ్యవహరించగలరా అమ్మమ్మగారూ?" అని అడిగింది.

పెద్దావిడ జవాబు ఇచ్చింది. సంఘం మర్యాద నియమావళి మూడో నిబంధన కింద ఆ జవాబుని సమావేశపు చిట్టాలోంచి తొలగించారు.

*

కార్తీకం వెళ్ళాక వార్షిక సమ్మేళనం జరిగింది. చిన పైడితల్లిని 'ఈ యేటి సహకారి'గా ఎన్నుకుని, మెళ్ళో పట్టీకార్డు వేసి వేదిక ఎక్కించారు. ఆవిడ మైకు ముందు నిలబడి మూడు ముక్కలు మాట్లాడింది. "నాకు ఎడంకన్ను కనబడ్డం నేదు. మీ గాదెలో తప్పుంది. దిద్దీండి."

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంత క్లుప్తమైన ప్రసంగం సమ్మేళనం చరిత్రలోనే లేదన్నారు. కొందరికి కళ్ళు చెమర్చాయి. ఆ కళ్ళన్నీ బాగానే పనిచేస్తున్నాయి.

అక్కడితో ఆగలేదు. ఆవిడ పోరాటానికి గుర్తుగా ఎనిమిదో కూర్పుకి 'పైడితల్లి' అని పేరు పెట్టారు. చూపు ఆననివాళ్ళ సౌకర్యం కోసం అందులో అక్షరాలు నాలుగింతలు పెద్దవి చేశారు. పుష్యమాసంలో ఆవిడ ఆసుపత్రికి వెళితే, 'రెండు కళ్ళూ పూర్తి' అన్న ముక్క కిటికీ బయటనుంచే కనబడింది.

సంఘంలో కృపానందం అని ఒకతను ఉండేవాడు. ఎప్పుడూ చివరి కుర్చీలో కూచునేవాడు, చప్పట్లు కొట్టేవాడు కాదు. తరవాతి రెండో శనివారం మేడమెట్ల మీద చిన పైడితల్లి ఒక్కర్తీ కూచుని ఉంటే టీ గ్లాసు తెచ్చిచ్చి పక్కన కూచున్నాడు. ఆవిడ కొంగుముడి విప్పి నాలుగు జీడిపప్పులు పెట్టింది. అతను ఒకటి పైకెత్తి చూసి, "ఇది బద్ద కదమ్మా?" అన్నాడు.

"గుండనుకున్నాను నాయనా" అని ఆవిడ మొహం తిప్పుకుంది.

కృపానందం ఆ పప్పుని జేబులో వేసుకుని లేచాడు. లోపలికి వెళ్ళి చెయ్యెత్తాడు.

"నాలుగువేల నూట పదిహేడుకి నేను పరీక్ష రాస్తాను. మార్పు చేయడానికే ఆక్షేపణ ఉంది. పరీక్ష రాయడానికి లేదు కదా?"

గాదెలో ఏ పనీ పరీక్ష లేకుండా జరగదు. వంట వడ్డించే ముందు ఉప్పు చూసినట్టన్నమాట. అయితే రుచి చూడ్డానికి నిజం మనుషుల్ని వాడకూడదు, గోప్యత. లేనివాళ్ళని కల్పించాలి. కృపానందం ఇద్దరు లేని ఆడవాళ్ళని కల్పించాడు. ఊరు, ఇంటి నంబరు, జనవరి ఒకటి, అన్నీ లెంకవారివే వేశాడు. ఇద్దరికీ ఒకే పేరు పెడదామంటే, చదివేవారికి గందరగోళంగా ఉంటుందని పేర్ల ఉపసంఘం ఒప్పుకోలేదు. దాంతో ఒకామె 'పరీక్ష ఒకటి', ఇంకొకామె 'పరీక్ష రెండు' అయ్యారు. లేనివాళ్ళకి వేలిముద్రలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆ గడిలో 'ఏ వేలైనా చాలు' అని రాశాడు. ప్రతి పొద్దుటా పాత పరీక్ష చెరిగిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది.

పరీక్ష నడిపారు. ఇద్దర్ని పంపితే ఇద్దరే వచ్చారు, కలిసిపోలేదు. పేర్లు వేరు కాబట్టి ఎలా కలుస్తారు? ఆ మాట ఎవరూ అనలేదు. తెర మీద పచ్చగా వెలిగింది. సుధన్వ అంశం మీద 'పరిష్కృతం' అని ముద్ర వేశాడు.

ఆ పరీక్షని బయటికి పంపే కూర్పులోంచి తీసేయాలి. ఎవరైనా తీసేయొచ్చు. అందుకని ఎవరూ తీయలేదు.

*

మాఘం వచ్చింది. ఉగాదికి నెల పైచిల్లర ఉంది. మేస్త్రీ బల్ల దగ్గరికి ఇంకో పిల్లని తెచ్చి పని చూపిస్తున్నాడు. ఇక ఇదే ఆఖరుసారి అనుకుని చిన పైడితల్లి ఆసుపత్రికి బయల్దేరింది. చెప్పకుండానే పెద్దావిడ కూడా వెనక బయల్దేరి పది అడుగుల దూరంలో నడిచింది.

"రెండు కళ్ళూ పూర్తి మామ్మా" అన్నాడు జగ్గారావు. అన్నాక ఆగాడు. "కానీ మీ ఇంటి నంబరులో ఇంకో ఇద్దరున్నారే? ఏ కన్నూ అవలేదు, పాపం. గురువారం రావచ్చునని చూపిస్తోంది. పరీక్ష ఒకటి, పరీక్ష రెండు. ఎవరు వీళ్ళు, అద్దెకున్నారా?"

చిన పైడితల్లి రెప్ప వేయలేదు. మెట్ల మీద టీ తెచ్చిచ్చిన మనిషి ఆవిడకి గుర్తొచ్చాడు.

"మేమే బాబూ. నాను పరీక్ష ఒకటి."

వెనకనుంచి పెద్దావిడ గబగబా కిటికీ దగ్గరికొచ్చింది. "అదేటి? పెద్దదాన్ని నానుండగా ఒకటి తనెలాగవుద్ది? ఒకటి నాను."

"ముందు సెప్పింది నాను."

"ముందు కాపరానికొచ్చింది నాను!"

వరసలో జనం మూలిగారు. జగ్గారావు తెర వంకే చూస్తూ, "ఒకటెవరో రెండెవరో తేల్చుకోండి మామ్మా, కట్టేసే వేళయింది" అన్నాడు.

చిన పైడితల్లి పక్కకి తిరిగింది. అక్కడ కోడి లేదు. ఎటు చూసినా కోడి లేదు. ఎదురుగా పెద్దావిడ మొహమే ఉంది. కుడికన్ను తెల్లగా పొరకట్టి ఉంది.

"నువ్వే ఒకటి అవ్వు అప్పా" అంది.

పదకొండేళ్ళ తరవాత అదే మొదటి మాట. పెద్దావిడ వేలు తీసుకెళ్ళి వేలిముద్రల యంత్రం మీద పెట్టింది. పచ్చగా వెలిగింది. చిన్నావిడ పెట్టింది. పచ్చగా వెలిగింది. చూసుకోకుండా జగ్గారావు మోచెయ్యి కూడా తగిలింది. అదీ పచ్చగానే వెలిగింది.

గురువారం ఒకరికి కుడికన్నూ, ఒకరికి ఎడమకన్నూ చేశారు.

శుక్రవారం పొద్దున్న గాదె అలవాటు ప్రకారం పరీక్షని చెరిపి మొదటినుంచి మొదలుపెట్టింది. లెంకవారి ఇంట్లో ఏ కన్నూ కాని ఆడవాళ్ళు మళ్ళీ ఇద్దరు తేలారు. ఈ సంగతి ఊళ్ళో ఎలా పాకిందో చెప్పలేం గానీ, జనవరి ఒకటిన పుట్టిన డెబ్భైమందిలో గాదె ఎవరినెవరితో కలిపేసిందో వాళ్ళంతా వరసగా బయల్దేరారు. రోజుకి ఇద్దరు, ఒకటీ రెండూ. "పరీక్షమ్మా, నిన్న కూడా వచ్చినట్టున్నావే?" అని జగ్గారావు ఒకసారి అన్నాడు గానీ, తెర రాలేదంది. ఒక పరీక్షకి ఈ చెవినుంచి ఆ చెవిదాకా మీసాలున్నాయి. జగ్గారావు తెర వంకే చూశాడు.

చిన పైడితల్లి ఉగాదికి నాలుగు రోజుల ముందు బల్ల దగ్గర కూచుంది. కొత్తపిల్ల ఏరిన గంపలోంచి పదకొండు బద్దలు తీసి మేస్త్రీ ముందు పోసింది. మేస్త్రీ ఆ పిల్లని పొట్టు తీసే షెడ్డుకి పంపాడు.

*

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఫోనులో సుధన్వ మొహం వచ్చింది. పక్కన హిమబిందు, వెనక దూరంగా కృపానందం.

"పైడితల్లిగారూ, మీ అంశాన్ని మా తనిఖీ సంఘం పునఃపరిశీలించింది. పరీక్ష తొంభై రోజులుగా ఒక్కపూటా తప్పకుండా నెగ్గుతోంది. అంతటితో తృప్తి పడక, ప్రత్యక్ష నిర్ధారణ కోసం డాక్టరుగారిని మీ కళ్ళు స్వయంగా చూడమని కోరాం. రెండు కళ్ళకీ శస్త్రచికిత్స జరిగినట్టు వారు లిఖితపూర్వకంగా తెలిపారు. గాదెలోనూ అదే ఉంది. కనుక ఇందులో దోషమేమీ లేదని, గాదె మొదటినుంచీ నిజమే చెబుతోందని తీర్మానిస్తున్నాం. మీకేమైనా అభ్యంతరమా?"

చిన పైడితల్లి రెండు కళ్ళతోనూ ఆయన్ని చూసింది. గడ్డంలో రెండు తెల్లవెంట్రుకలు కూడా కనబడ్డాయి.

"నాకేటి అబ్బెంతరం బాబూ. మీరు ముందు రాసీసినారు, కళ్ళు ఎనకాల వొచ్చినాయి. అంతే."

సుధన్వ తృప్తిగా తలూపాడు. ఆ మాటని సంఘం గోడ మీద పెట్టుకోవడానికి హిమబిందు రాసుకుంది. వెనక కృపానందం మొదటిసారి చప్పట్లు కొట్టాడు, రెండే రెండు.

ఫోను పెట్టేసేసరికి గోడ అవతలనుంచి కేక వినిపించింది.

"ఒలే రెండూ!"

"ఏటి ఒకటీ?"

"ఈ యేడు కాయ బాగుంది. ఆ జాడీ ఇలా అందియ్యి. మూత సరిపోద్దో నేదో సూద్దుం."

గోడ మీద కోడి తల ఎత్తింది. ఎవరికి ఏం చెప్పాలోనని ఇటు చూసింది, అటు చూసింది. తనని ఎవరూ పిలవకపోయేసరికి కిందికి దూకి గింజలు ఏరుకుంది.